పుక్కిట నీళ్ళు

ఫిబ్రవరి 13, ఆదివారం

ఈ పుస్తకం నేను ముచ్చటపడి రాస్తున్నది కాదు. చేత్తో బండి నడపడం నేర్చుకునేవాళ్ళు ట్రాక్ మీదికి వచ్చిన ప్రతి రోజూ సొంత దస్తూరీతో ఒక పేజీ రాయాలని రూలుంది కాబట్టి రాస్తున్నాను. ప్రతి పేజీ అడుగున రెండు గళ్ళు అచ్చు వేశారు. ‘ఆపిన చోటు’ ఒకటి, ‘ఆపడానికి కారణం’ ఇంకొకటి. బండి ఎక్కనిచ్చినప్పుడు కదా ఆపేది. ఈరోజుకి రెండూ ఖాళీ.

పేరు లాస్య. ఊరు ఒంగోలు. రహదారి నియంత్రణ కార్యాలయంలో ఫిర్యాదుల విభాగం. నలభై తొమ్మిదేళ్ళు. మే 14న యాభై నిండుతాయి, ఆ తర్వాత కొత్తగా చేతి పర్మిట్ ఇవ్వరు. అంటే ఈరోజుతో కలిపి నాకున్నది తొంభై రోజులు. ఇంత ఆలస్యంగా బుద్ధి పుట్టినందుకు నన్ను నేనే తిట్టుకోవాలి.

దొనకొండ చేతిబండ్ల సంఘంలో చేరానని ఆఫీసులో చెబితే, ఈ వయసులో తోపుడు బండి తోస్తావా అని నవ్వారు. స్టీరింగ్ అనే మాటే చాలామంది వినలేదు. ఎప్పుడో విమానాలు దిగిన పాత రన్‌వే ఇక్కడుంది. దాని మీద బోర్లించిన ప్లాస్టిక్ బిందెలతో నాలుగు మలుపులు గీసుకున్నారు. సభ్యులు పదకొండు మంది, బండ్లు నాలుగు. పెట్రోలు కాలం నాటి బండ్లే, లోపల బ్యాటరీలు మార్చారు. సంఘం కార్యదర్శి జబీన్‌కి ముప్పై ఏళ్ళుంటాయి. రాగానే నా బూట్లు విప్పించి అడుగు వంచి చూసింది. అడుగు మందంగా ఉంటే కాలికి పెడల్ తెలియదట, పల్చటివి తెచ్చుకోమంది.

నేర్పే ఆయన పేరు మణికంఠ. డెబ్బై ఎనిమిదేళ్ళు. కుర్రతనంలో మామూలు రోడ్ల మీద సొంతంగా బండి తోలిన మనిషి. ఎర్ర బండి వైపు నేను రెండడుగులు వేశానో లేదో, ఆయన నా చేతిలో చీపురు పెట్టాడు.

“ముందు రాళ్ళు ఊడువమ్మాయ్. స్టీరింగు యాడికీ పోదు.”

మధ్యాహ్నం దాకా ఊడ్చాను. ఇంటికి వచ్చేటప్పుడు, అందరూ తిరిగే ఆ తనంతట తానే నడిచే పెట్టెలో కూర్చుని ‘పోనీ’ అంటుంటే నడుం విరిగినట్టుంది.

ఫిబ్రవరి 27, ఆదివారం

మూడో ఆదివారం. ఇంకా ఊడుస్తూనే ఉన్నాను. ఊడ్చాక నడక. ట్రాక్ మొత్తం కాలినడకన చుట్టి, ఎక్కడ గతుకుందో, ఎక్కడ తారు నున్నగా అరిగిందో ఆయనకు అప్పజెప్పాలి. ఒక్కటి మరిచిపోతే మళ్ళీ మొదటి నుంచి. ఒకటో తరగతిలో ఎక్కాలు కూడా నన్నింత ఏడిపించలేదు.

ఎందుకొచ్చిన తద్దినం అని జబీన్ ఈరోజు అడిగింది. ఇంకాస్త మర్యాదగానే అడిగిందిలెండి. చెప్పాను. మా విభాగంలో నా పని, జనం పెట్టెల్లో అరిచిన అరుపులు వినడం. ‘ఆపు’ అని అరిచినా పెట్టె ఆపలేదని రోజుకు రెండు వందల ఫిర్యాదులు వస్తాయి. అరుపు వినాలి, పెట్టె చెప్పుకున్న కారణం చదవాలి, ‘వాహనం చేసింది సబబే’ అని ముద్ర వేయాలి. పంతొమ్మిదేళ్ళుగా ఇదే. పోయిన వేసవిలో చీమకుర్తి దాటాక రోడ్డు పక్కన ఒకావిడ తాటిముంజలు పెట్టుకుని కూర్చుని ఉంది. నాకు నోరూరింది. ‘ఆపు’ అన్నాను. “మీ మాట వినిపించింది” అని పెట్టె సాగిపోయింది. మళ్ళీ అన్నాను, అరిచాను, తలుపు మీద కొట్టాను. ప్రతిసారీ వినిపించిందనే అంది. కోపం పట్టలేక ఫిర్యాదు పెట్టాను. మూడు రోజులకు ఆ ఫైలు తిరిగి తిరిగి నా బల్ల మీదికే వచ్చింది. ఆపకపోవడానికి కారణం: అనవసరం. ముద్ర వేయకుండా కింద పెట్టే వీలు మా దగ్గర లేదు. నా అరుపు నేనే విని, నా చేత్తో నేనే ముద్ర వేశాను.

నేను ఆపితే ఆగే బండి ఒక్కటి, ఒక్కసారి నడపాలి. ఇంతకు మించి నాకు కారణం లేదు.

జబీన్ నవ్వలేదు. “ముంజలు దొరికినయ్యా అక్కా, తర్వాత?” అని అడిగింది. దొరకలేదు.

మార్చి 13, ఆదివారం

రెండు వారాలుగా జెండా పని. మిగతావాళ్ళు ట్రాక్ మీద తిరుగుతుంటే నాలుగో మలుపైన తుమ్మమొద్దు మలుపు దగ్గర ఎండలో నిలబడి జెండా ఊపాలి. పసుపు ఊపితే జాగ్రత్త, ఎరుపు ఊపితే అందరూ ఆగాలి. కంచె విరిగినచోట గొర్రెలు దూరి వస్తాయి, వాటిని అదిలించడం కూడా జెండా మనిషి పనే. నేను ఎర్ర జెండా ఎత్తగానే మూడు బండ్లు ఆగిపోయాయి. అదొక్కటి మాత్రం చాలా బాగుంది. పంతొమ్మిదేళ్ళలో నా మాట విని ఏదైనా ఆగడం అదే మొదటిసారి.

మధ్యాహ్నం వెళ్ళి మణికంఠ మాస్టారిని నిలదీశాను. నెల గడిచింది, ఇంకా స్టీరింగ్ ముట్టుకోనివ్వలేదు, నా దగ్గర రోజులు లేవు అన్నాను. ఆయన టీ తాగుతూ, మలుపుకు ముందు ఎన్నో గతుకు దగ్గర బండ్లు వేగం తగ్గిస్తున్నాయో చెప్పమన్నాడు. మూడో గతుకు అన్నాను. ఎట్టా తెలిసింది అన్నాడు. నెల నుంచి దాన్నే చూస్తున్నాను కదా అని విసుక్కున్నాను.

“అయితే వచ్చే వారం ఎక్కు.”

మార్చి 20, ఆదివారం

రాయడానికే సిగ్గుగా ఉంది. రూలు కాబట్టి రాస్తున్నాను.

హెల్మెట్ పెట్టారు, బెల్టు బిగించారు. మాస్టారు పక్క సీట్లో కూర్చున్నాడు. రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టి, “పోనీ” అన్నాను.

బండి కదల్లేదు. కదలదు మరి. దానికి చెవులు లేవు. బయట నిలబడ్డ పదిమందీ ఒకర్నొకరు పట్టుకుని నవ్వారు. అందరూ మొదటి రోజు అదే అన్నారట, అయినా నవ్వారు.

కాలు నొక్కితే కదిలింది. అది బాగానే ఉంది. తిన్నగా వెళ్ళినంతసేపూ స్వర్గం. మొదటి మూడు మలుపులూ పాకుతున్నట్టు ఎలాగో దాటించాను. తుమ్మమొద్దు మలుపు వచ్చింది. మూడో గతుకు వచ్చింది. వేగం తగ్గించాలని నాకు పక్కాగా తెలుసు. “ఆపు” అన్నాను. కాలు యాక్సిలరేటర్ మీద అలాగే ఉంది. “ఆపు, ఆపు” అన్నాను. బిందెలు ఎగిరాయి. పక్క నుంచి మాస్టారు తన వైపున్న బ్రేకు తొక్కాడు.

“పోనీలే” అన్నాడు.

ఆపిన చోటు: బిందెల మీద. ఆపడానికి కారణం: నేను కాదు, ఆయన ఆపాడు.

ఏప్రిల్ 3, ఆదివారం

మూడు ఆదివారాలు, ముప్పై ఒక్క బిందెలు. లెక్క జబీన్ రాసి గోడకు తగిలించింది. సంఘం మొత్తం చరిత్రలో ఇది రికార్డట.

పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ పెట్టెల్లోనే తిరిగాం. ఎక్కగానే ‘పోనీ’, దిగేముందు ‘ఆపు’. ఆ రెండు మాటలు ఒంట్లో ఇంకిపోయాయి. భయం వేస్తే నోరు తెరుచుకుంటుంది, నోరు తెరుచుకుందంటే పని అయిపోయిందని కాలు అనుకుంటుంది. నాకు తెలిసిన రోగమే, మందే దొరకడం లేదు. అసలు చిక్కు అక్కడ లేదు. పరీక్షలో ఒంటరిగా ఒక చుట్టు నడపాలి, బండిలో ‘చెవి’ అని ఒక యంత్రం అంటిస్తారు. చుట్టు మధ్యలో ఒక్కసారి ‘ఆపు’ అని వినిపించినా, నోటితో నడిపినట్టు లెక్కగట్టి ఆ చుట్టు కొట్టేస్తుంది.

అన్నిటికంటే ఒళ్ళు మండించేది మాస్టారి ‘పోనీలే’. తిట్టడు, అరవడు. బిందె ఎగిరిన ప్రతిసారీ ‘పోనీలే’. చేతకానివాళ్ళను ఓదార్చేటప్పుడు అనే మాట అది. ఈరోజు ఉండబట్టలేక, నన్ను తిట్టండి మాస్టారూ, ఆ ముక్క మాత్రం అనకండి అన్నాను.

ఆయన లేచాడు. లోపలికి వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చాడు.

“నువ్వు మాటలతో తోలుతున్నావు. మాటలు ఆపిస్తే కాలు లేస్తదేమో చూద్దాం. పుక్కిట పట్టు. మింగబాకు, ఊయబాకు. చుట్టు తిరిగొచ్చి నా ముందర ఊయి.”

పుక్కిట నీళ్ళతో ఎక్కాను. మలుపులో నోరు తెరిచాను. చొక్కా మొత్తం తడిసింది, హెల్మెట్ అద్దం లోపలంతా నీళ్ళు. ముప్పై రెండో బిందె.

ఏప్రిల్ 17, ఆదివారం

ఈ నీళ్ళ వైద్యం ఆయన కనిపెట్టింది కాదట, మొండి రోగులందరికీ ఇక్కడ ఇదే మందు. జబీన్ కూడా రెండు నెలలు పుక్కిలి పట్టిందట. ఆఫీసులో ఎవరైనా సూటిగా జవాబు చెప్పకపోతే నీళ్ళు నములుతున్నావేం అని దబాయించేదాన్ని. ఇప్పుడు నేనే ఆదివారం ఆదివారం ఇంత దూరం వచ్చి నీళ్ళు నములుతున్నాను.

పన్నెండు చుట్లలో తొమ్మిది తడిశాయి. రెండుసార్లు భయంతో గుటుక్కున మింగేశాను, అదీ లెక్కలోకి రాదు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, నీళ్ళు నోట్లోనే ఉండగా తుమ్మమొద్దు దాటాను. ఆ ఆనందంలో చుట్టు ముగిసే గీత దగ్గర ఆపాలన్న సంగతే మరిచిపోయి గడ్డిలోకి వెళ్ళాను. గడ్డిలో మాస్టారు, నేను, మా మధ్య ఆ ‘పోనీలే’.

చూపు విషయంలోనూ చీవాట్లు పడ్డాయి. బిందెకు తగలకూడదని నేను బిందెనే చూస్తున్నానట. ఎటు పోవాలో అటు చూడమన్నాడు. చెప్పడం తేలికే.

ఇంటికొచ్చాక కూడా అలవాటు తప్పడం లేదు. స్నానాల గదిలో పుక్కిట నీళ్ళు పట్టి, కుడికాలితో నేల తొక్కుతూ కూర్చుంటున్నాను.

మే 8, ఆదివారం

పరీక్ష శుక్రవారం. మూడు అవకాశాలు ఇస్తారు. ఆదివారానికి ఇప్పించమని ఎంత మొత్తుకున్నా వినలేదు. ఆఖరి రోజు, ఆఖరి గడువు.

ఈరోజు ఇరవై చుట్లలో ఎనిమిది శుభ్రంగా వచ్చాయి, పన్నెండు రాలేదు. నీళ్ళుంటేనే ఎనిమిది. నీళ్ళు లేకుండా ఒకటి నడిపి చూద్దామంటే మాస్టారు ఒప్పుకోలేదు. పరీక్షకు కూడా పుక్కిలి పట్టే ఎక్కమన్నాడు. దానికి రూలు అడ్డు రాదట, నోట్లో ఏముందో చెవికి అనవసరం.

ఈ వారం ఆఫీసులో ఒక పెద్దాయన అరుపు విన్నాను. కనిగిరి దారిలో ఎక్కడో, ఆపు నాయనా, ఆపు నాయనా అని బతిమాలుకుంటున్నాడు. ఎందుకని పెట్టె అడిగితే, ఊరికే, కాసేపు నిలబడదామని అన్నాడు. కారణం కింద మా పట్టికలో ‘ఊరికే’ అనే మాట లేదు. అనవసరం అని ఉంది. ముద్ర వేశాను. వేసి, నీళ్ళు తాగడానికని లేచి వెళ్ళి, తాగకుండా పుక్కిట పట్టి చాలాసేపు కిటికీ దగ్గర నిలబడ్డాను. నాకు ఏడుపొచ్చింది. ఆ చుట్టు నేను తిరిగి తీరాలి.

మే 13, శుక్రవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

అధికారి తొమ్మిదిన్నరకు రావాలి, పదింబావుకు వచ్చాడు. పాతికేళ్ళ కుర్రాడు. వాళ్ళ పెట్టె దారిలో ఎక్కడో ముప్పావుగంట ఆగిందట, ఎందుకు ఆగిందో దానికే తెలుసు. సరిగ్గా పదకొండుకు తిరిగి బయల్దేరేలా పైవాళ్ళు దానికి ముందే ఆజ్ఞ పెట్టారని, అతను ఎక్కినా ఎక్కకపోయినా అది వెళ్ళిపోతుందని వచ్చీ రాగానే చెప్పాడు. అది చెప్పేటప్పుడు అతని మొహం చూసి జాలేసింది. కాగితాలు చూసి, బండి చక్రాలు, బెల్టు, బ్రేకు పరీక్షించి, చెవి అంటించేసరికి పదీ ముప్పై ఐదు.

మొదటి చుట్టు. పుక్కిట నీళ్ళు పట్టి బయల్దేరాను. రెండో మలుపులోనే పొలమారింది. దగ్గుతూ స్టీరింగ్ తిప్పాను, బిందె తగిలింది. రద్దు.

రెండో చుట్టు. ఒకటి, రెండు, మూడు మలుపులు దాటాను. నా జన్మలో అంత బాగా ఎప్పుడూ నడపలేదు. ఆఖరిది తుమ్మమొద్దు. మూడో గతుకు ఇంకా రాకముందే కంచె విరిగినచోటు నుంచి ఒక గొర్రె రోడ్డు మధ్యలోకి వచ్చి నిలబడింది. బండి ఆగింది. గొర్రెకు రెండు బారల ఇవతల, తిన్నగా, చెక్కుచెదరకుండా. నేనే ఆపాను. నీళ్ళు ఇంకా నోట్లోనే ఉన్నాయి.

తిరిగి వచ్చి ఆ నీళ్ళు మాస్టారి ముందు ఊసి, ఎంత సంబరంగా చెప్పానో. అధికారి తల అడ్డంగా ఊపాడు. మధ్యలో ఆగితే చుట్టు పూర్తి కానట్టే. గొర్రెను తొక్కమంటారా అని అడిగాను. ఆపడం సరైనదేనని, కానీ చుట్టు మాత్రం పూర్తి కాలేదని, రెండూ నిజమేనని అన్నాడు. పంతొమ్మిదేళ్ళుగా నేను జనానికి చెబుతున్నదీ అచ్చంగా అదే. ఒళ్ళంతా మంటెత్తింది.

పదీ నలభై తొమ్మిది. రోడ్డు అవతల అధికారి పెట్టె తలుపు తెరుచుకుని అతని కోసం చూస్తోంది. జబీన్ కంచె దగ్గరికి వెళ్ళి గొర్రెలకు అడ్డంగా నిలబడింది.

మళ్ళీ ఎక్కి బెల్టు పెట్టుకున్నాను. నీళ్ళ కోసం కిటికీలోంచి చెయ్యి చాచాను. మాస్టారు చెంబు ఇవ్వలేదు. వెనక్కి తీసుకుని నీళ్ళు నేల మీద పారబోశాడు.

నీళ్ళు లేకుండా నా వల్ల కాదన్నాను. మూడు నెలల్లో ఒక్క చుట్టు కూడా అలా రాలేదన్నాను.

“ఇందాక గొర్రె దగ్గర నీళ్ళు ఆపినయ్యా బండిని? కాలు ఆపింది. దానికిప్పుడు తెలుసు.” బండి పైకప్పు మీద అరచేత్తో ఒకసారి తట్టాడు. “పోనీ.”

పోనీలే కాదు. పోనీ.

మొదటి మలుపు ఎలా దాటానో గుర్తులేదు. రెండో దాంట్లో బిందెను చూడబోయి, మెడ తిప్పి, పోవాల్సిన చోటుకు చూశాను. మూడోది దాటాను. తిన్నటి దారి వచ్చింది, దాని చివర తుమ్మమొద్దు. జబీన్ రెండు చేతులూ చాచి కంచెకు అడ్డంగా నిలబడి ఉంది. ఒకటో గతుకు. రెండో గతుకు. నా నోరు తెరుచుకుంది. ఆ మాట నాలుక చివరికి వచ్చేసింది, అది నాకు తెలుస్తోంది. మూడో గతుకు అడుగున తగిలింది. నోరు ఆ మాట అనేలోపే కాలు బ్రేకు మీద ఉంది. వేగం తగ్గింది, బండి వంగి, తిరిగి, లేచింది. నోటికి పని లేకుండా పోయింది. తెరిచిన నోరు తెరిచినట్టే ఉండగా గీత దాటాను.

ఆగాక, బండి పూర్తిగా ఆగిపోయాక, “ఆపు” అన్నాను. చాలా మెల్లగా. అప్పటికి చెవి పని ముగించి పచ్చగా వెలుగుతోంది.

అధికారి నా పర్మిట్ మీద ముద్ర వేసి పరుగెత్తాడు. పెట్టె తలుపు అతని వెనకే మూసుకుంది. బిందెలు సర్దుతూ జబీన్, గోడ మీది లెక్క చెరపనని, అదొక్కటీ ఉంచుతానని అంది. నేను బండిలోంచి దిగకుండా స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఏడ్చాను. ఎందుకో ఏ గడిలోనూ రాయను.

ఆపిన చోటు: గీత దగ్గర. ఆపడానికి కారణం: చుట్టు పూర్తయింది.

మే 14, శనివారం

ఈ పుస్తకానికి నిన్నటితో గడువు తీరింది. ఈరోజు రాయాలని రూలు లేదు. అయినా వెనక అట్ట లోపలి వైపు తెల్లగా ఉంటే, అక్కడ నేనే రెండు గళ్ళు గీసుకున్నాను.

పొద్దున్నే దొనకొండ వెళ్ళాను. పుట్టినరోజని ఎవరికీ చెప్పలేదు. జబీన్ తాళాలిచ్చింది, మాస్టారు టీ గ్లాసుతో గట్టు మీద కూర్చున్నాడు. ఒంటరిగా ఎర్ర బండి ఎక్కాను. పక్క సీట్లో మనిషి లేడు, అద్దానికి చెవి లేదు, నోట్లో నీళ్ళు లేవు. రెండు చుట్లు తిరిగాను. మూడో చుట్టులో, తిన్నటి దారి మధ్యలో, మలుపు ఇంకా చాలా దూరం ఉందనగా బ్రేకు మీద కాలు పెట్టాను. ఆగింది. ముందు గొర్రె లేదు, జెండా లేదు. అద్దం దించుకుని చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. గాలి వేడిగా ఉంది. దూరంగా మాస్టారు లేచి నిలబడి చూశాడు, బండి పాడయిందేమో అనుకుని ఉంటాడు. చెయ్యి ఊపాను. ఆయన మళ్ళీ కూర్చున్నాడు.

ఎంతసేపు ఆగానో చూసుకోలేదు.

ఆపిన చోటు: తిన్నటి దారి మధ్యలో, ఏమీ లేని చోట.

ఆపడానికి కారణం: ఊరికే.